యాభై చావులకో దిండు

శనివారం పొద్దున ఎమెట్ లిండ్‌క్విస్ట్ వేసుకున్న పథకం చాలా చిన్నది. ఎనిమిదింటికి కాఫీ పెట్టుకోవాలి. పదింటిలోగా గంటలవాణ్ణి చంపాలి. పన్నెండింటికి గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, రెండింటికల్లా లూథరన్ చర్చి అడుగు అంతస్తులో ఉన్న హాలుకి చేరుకోవాలి. అక్కడ కొత్త ఉద్యోగం తెచ్చుకుని ఇంటికి రావాలి.

గంటలవాడు ‘బూడిద కోట’ అనే వీడియో గేములో మూడో గుమ్మం దగ్గర కాపలా ఉండే రాక్షసుడు. తల ఉండాల్సిన చోట అతనికి ఇత్తడి గంట ఉంటుంది. గేము విడుదలై తొమ్మిది రోజులైంది. ఆ తొమ్మిది రోజుల్లోనూ డులూత్ ఊళ్ళో గంటలవాణ్ణి కష్టం స్థాయిలో చంపిన మగాడు గానీ ఆడది గానీ లేరు. అడిగితే అందరిదీ ఒకటే జవాబు: "నేను తొందరపడటం లేదు."

ఆ ఊళ్ళో గేములాడే నలభై మూడు మంది కలిసి ‘ఇనప పిడికిలి’ అని ఒక క్లబ్బు పెట్టుకున్నారు. దానికి ఎమెట్ అధ్యక్షుడు. గేముల గురించి అతనికి గట్టి అభిప్రాయాలున్నాయి. కష్టం అనేది ఆటగాడికి ఇచ్చే మర్యాద. దారి చూపించే బాణం గుర్తు అవమానం. ఈజీ మోడ్ అంటే, భోజనానికి పిలిచి నమిలి పెట్టడం. కథానాయకుడు నోరు విప్పకూడదు. పక్కనున్న పాత్రలు సలహాలివ్వకూడదు. సలహా ఇచ్చే పాత్ర పాత్ర కాదు, కరపత్రం.

వారంలో ఐదు రోజులు ఎమెట్ వాహనాల రిజిస్ట్రేషన్ ఆఫీసులో మూడో నంబరు కౌంటర్లో కూర్చుంటాడు. అక్కడా ఇదే సిద్ధాంతం. ఫారం తప్పుగా నింపుకొచ్చినవాళ్ళకి ఎక్కడ తప్పుందో చెప్పకుండా తిరిగిచ్చేస్తాడు. తన తప్పు తనే వెతుక్కుంటే మనిషి ఎదుగుతాడని అతని నమ్మకం. పన్నెండేళ్ళుగా డులూత్ ప్రజల్ని అలా ఎదగనిస్తున్నాడు.

ఆ కౌంటరు నుంచి బయటపడే రోజు ఇన్నాళ్ళకి వచ్చింది. ‘బూడిద కోట’ తయారుచేసిన కంపెనీ మినియాపొలిస్‌లో ఉంది. దాని ముఖ్య రూపకర్త మైలీ వాంగ్ అనే ఆవిడ ఈ మధ్యాహ్నం క్లబ్బు సమావేశానికి వస్తోంది. తరవాతి గేముకి కష్టం పాళ్ళు చూసే సలహాదారుగా ఒకరిని ఎంచుకుంటుంది. ఎంచుకోవడానికి ఎమెట్ తప్ప ఎవరున్నారు? శుక్రవారం సాయంత్రమే అతను ఆఫీసులోని తన కాఫీ కప్పు ఇంటికి తెచ్చేసుకున్నాడు.

తొమ్మిదీ ఇరవైకి పథకం తలకిందులైంది.

అందుకు కారణం ఒక ఉత్తరం. రెండేళ్ళ కిందట, గేము ఇంకా తయారవుతుండగా, కంపెనీ వాళ్ళు ఆటగాళ్ళ అభిప్రాయాలు అడిగితే ఎమెట్ పదకొండు పేజీలు రాశాడు. ‘ఒకే చోట యాభైసార్లు చచ్చినవాడికి గేమే ఒక దిండు ఇవ్వజూపాలి. తీసుకుంటే ఆట తేలికైపోవాలి. కానీ ఆ దిండు బొమ్మ అతని పేరు పక్కన శాశ్వతంగా ఉండిపోవాలి, స్నేహితులందరికీ తెలియాలి. అవును, వద్దు అనే రెండు బొత్తాల్లో అవును అన్నదే చేతికి దగ్గరగా ఉండాలి, బలహీనుడికి అదే కావాలి గనక.’ కంపెనీ వాళ్ళు అక్షరం పొల్లుపోకుండా పెట్టేశారు. గేము విడుదలైన రోజునే క్లబ్బులో ఎమెట్ మొదటి నియమం రాయించాడు: దిండు ఉన్నవాడు సభ్యుడు కాడు.

యాభై అన్న అంకె అతను బాగా ఆలోచించే వేశాడు. యాభైసార్లు చచ్చేవాడు ఎవడుంటాడు?

‘బూడిద కోట’లో చచ్చినప్పుడల్లా తెర నల్లబడి, నాలుగు పంక్తుల విషాద వాక్యాలు మెల్లగా పైకి పోతాయి. గుండ్రటి బొత్తాం నొక్కితే అవి తొందరగా పోతాయి. నలభయ్యో చావు దగ్గరికి వచ్చేసరికి ఎమెట్ బొటనవేలు మెదడుని అడగడం మానేసి తనంతట తనే నొక్కుతోంది. యాభయ్యో చావు తరవాత కూడా అలవాటుగా మూడుసార్లు నొక్కింది.

"అలసిపోయావు యాత్రికుడా. దిండు కావాలా?" అంది గేము. బొటనవేలు అవునంది.

"నిజంగానేనా?" అంది గేము. బొటనవేలు నిజంగానే అంది.

"సుఖంగా పడుకో," అంది గేము. సన్నటి వీణ మోగింది. ఎమెట్ పేరు పక్కన కుచ్చులున్న తెల్లటి దిండు వచ్చి కూర్చుంది.

నిమిషం తిరక్కుండా ఫోను మోగింది. క్లబ్బు కార్యదర్శి రోలండ్ హౌగెన్. చలికాలమంతా రోడ్ల మీద మంచు తీసే బండి నడిపే మనిషి. ఆ ఊళ్ళో ఎవరూ విషయానికి సూటిగా రారు.

"ఏం ఎమెట్, బావున్నావా?"

"బావున్నా."

"చలి ఇంకా తగ్గలేదు కదూ."

"తగ్గలేదు."

"సరస్సు మీంచి గాలి కూడా."

"అవును, గాలి కూడా."

"నీ పేరు పక్కన దిండుంది."

ఎమెట్ తెరవంక చూశాడు. గేము తయారయ్యాక మొట్టమొదటిసారి అతనికి అనిపించింది, ఈ దిండు చెరిపేసే వీలు పెట్టి ఉంటే బాగుండేదని. సరిగ్గా అప్పుడే వంటింట్లో కుర్చీ లాగిన చప్పుడైంది.

"అది నేను కాదు, రోలండ్. మా అత్తగారు."

"మీ అత్తగారా?"

"వాళ్ళింట్లో వంటగది నేల తవ్వుతున్నారు. మూడు వారాలుగా ఇక్కడే ఉంటోంది. నేను స్నానానికి వెళ్ళి వచ్చేలోగా..."

"ఎంతసేపు చేశావేంటి స్నానం? యాభై చావులు!"

"చాలాసేపే చేశాను," అన్నాడు ఎమెట్.

రోలండ్ ఈ సంగతి క్లబ్బు గ్రూపులో పెట్టాడు. నలభై మూడు మందిలో నలుగురు వెంటనే అనుమానపడ్డారు. డెబ్భై రెండేళ్ళ ఆవిడ, కంట్రోలర్ ఎప్పుడూ పట్టనిది, మూడో గుమ్మం దగ్గర యాభైసార్లు చచ్చేదాకా ఎందుకు కూర్చుంటుంది? మొదటిసారికే లేచిపోదూ? ఎమెట్ ఆలోచించి, నమ్మదగ్గ ఒక చిన్న వివరం జతచేశాడు: ‘ఆవిడకి వేళ్ళ కీళ్ళ నొప్పులు. బొత్తాలు సరిగ్గా పడవు. కానీ పట్టుదల మనిషి.’

అక్కడితో ఆగాల్సింది. కానీ ఆ ఊళ్ళో జబ్బు మాట వినపడితే ఎవరూ ఊరుకోరు. పావుగంటలో గ్రూపు రంగు మారిపోయింది. ‘ఆ వేళ్ళతో యాభైసార్లా!’ అన్నారొకరు. ‘మనలో ఎవరికుంది ఆ గుండె?’ అన్నారింకొకరు. ముగ్గురు హాట్‌డిష్, అంటే ఓవెన్లో కాల్చిన బంగాళదుంపల వంటకం, చేసుకొస్తామన్నారు. ఒకాయన వాళ్ళమ్మ వాడే వెచ్చటి చేతి తొడుగులు తెస్తానన్నాడు. పదిన్నరకల్లా రోలండ్ తీర్మానం పెట్టేశాడు. మధ్యాహ్నం మైలీ వాంగ్ గారి ఎదుట ఎమెట్ అత్తగారికి సన్మానం. ‘ఎలాగూ దిండు గురించి ఆవిడ సాక్ష్యం కావాలి కదా,’ అని చివర్లో ఒక ముక్క, నవ్వు బొమ్మతో.

పదకొండుకి ఎమెట్ భార్య కారిన్ ఫోను చేసింది. కిరాణా కొట్లో ఉంది.

"ఎమెట్, మా అమ్మ వేళ్ళకేమైంది?"

"ఎవరు చెప్పారు?"

"బిల్లు కొట్టే అమ్మాయి. వాళ్ళన్నయ్య మీ క్లబ్బట. కళ్ళనీళ్ళు పెట్టుకుని నా చెయ్యి పట్టుకుంది. వెనక వరసలో వాళ్ళంతా ప్రార్థన చేస్తామన్నారు. నేను ఇంట్లోంచి బయల్దేరి నలభై నిమిషాలైంది, ఎమెట్. నలభై నిమిషాల్లో మా అమ్మకి కీళ్ళనొప్పులెలా వచ్చాయి?"

"వచ్చాక చెబుతా."

"నువ్వు ముందు ఆవిడకి చెప్పు," అని పెట్టేసింది.

వంటింట్లో అత్తగారు వెర్నా ఊలు అల్లుతోంది. వేళ్ళు కనపడనంత వేగంగా కదులుతున్నాయి. ఆవిడ ముప్ఫై నాలుగేళ్ళు స్కూలు బస్సు నడిపి రిటైరైన మనిషి. ఎవరితో మాట్లాడినా ఒక కన్ను పైన ఎక్కడో అద్దంలో ఉన్నట్టు చూస్తుంది. ఎమెట్ చెప్పాల్సిందంతా కుర్చీ అంచున కూర్చుని చెప్పాడు. ఉద్యోగం సంగతి చెప్పాడు. కాఫీ కప్పు సంగతి కూడా.

"అంటే, నువ్వు చేసిన పని నేను చేశానని అక్కడికొచ్చి చెప్పాలి."

"ఒక్క మాట, వెర్నా. ‘పొద్దున నేనే ఆడాను’ అంటే చాలు."

"అరవై మంది పిల్లల్ని వెనక కూర్చోబెట్టుకుని నడిపాను బాబూ. అబద్ధం చెప్పేవాణ్ణి చెవులు చూసి పట్టేసేదాన్ని. ఇప్పుడు నీ చెవులు ఎలా ఉన్నాయో తెలుసా?"

ఎమెట్ చెవులు తడుముకున్నాడు. వెర్నా అల్లిక పక్కన పెట్టింది.

"నేను అబద్ధం ఆడను. కానీ ఇంకా పొద్దునే కదా. ఆ ఆటేదో పెట్టు. ఇప్పుడు ఆడతాను. అప్పుడు ఆడానని చెబితే నిజమే అవుతుంది."

ఇంత మంచి ఉపాయం తనకే తట్టనందుకు ఎమెట్ సిగ్గుపడ్డాడు. గేముని మళ్ళీ కష్టం స్థాయికి మార్చి కంట్రోలర్ ఆవిడ చేతికిచ్చాడు. స్థాయి మారింది గానీ దిండు బొమ్మ మారలేదు. ఆ సంగతి ఎమెట్‌కి తెలుసు. తను రాసిందే.

"బండి ఏది?"

"బండి ఉండదు. ఇదిగో, ఈ మనిషే మీరు."

"మాట్లాడడేం?"

"అదే అతని గొప్పతనం. మౌనం. అతని బాధంతా ఆ నడకలోనే..."

"మా రెండో ఆయనా ఇలాగే ఉండేవాడు. గొప్పతనం కాదు, చెవుడు." వెర్నా మూడో గుమ్మం వైపు నడిపించింది. దారిలో మేకలు కాసే పిల్ల ఒకతె ఎదురొచ్చి నోరు విప్పింది. ఎమెట్ చప్పున చెయ్యి చాచి బొత్తాం నొక్కబోయాడు.

"దాటేయండి. ఇది సలహాలిచ్చే పాత్ర. దీన్ని ఎవరూ వినరు."

వెర్నా అతని చేతి మీద ఒకటి వేసింది. "పసిపిల్ల మాట్లాడుతుంటే మధ్యలో నోరు మూయిస్తావా? కూర్చో."

మేకల పిల్ల తీరిగ్గా రెండు నిమిషాలు మాట్లాడింది. వాళ్ళ నాన్న గురించి చెప్పింది, ఇంటి కప్పు గురించి చెప్పింది, ఒక మేకకి కుంటి కాలని చెప్పింది. చివర్లో, ‘గంటలవాడి ఎడమ భుజం కదిలితే చాలు, మా మేకలు కుడివైపుకి పారిపోతాయి’ అంది. తొమ్మిది రోజుల్లో ఆ మాట ఎమెట్ చెవిన పడటం అదే మొదటిసారి. పడ్డా, మేకల సంగతి మనకెందుకని వదిలేశాడు.

వెర్నా ఆరుసార్లు చచ్చింది. చచ్చిన ప్రతిసారీ నాలుగు పంక్తుల విషాద వాక్యాలు పూర్తిగా చదివి, "బాగా రాశారు పాపం," అంది. ఏడోసారి గంటలవాడి ఎడమ భుజం కదలగానే కుడికి తప్పుకుంది. ఐదో తరగతి వాడు అన్నం డబ్బా విసరబోయే ముందు కూడా సరిగ్గా అలాగే భుజం ఎగరేస్తాడని చెబుతూ చెబుతూ కొట్టింది. గంట రెండు ముక్కలైంది.

పన్నెండూ నలభైకి ఎమెట్ పేరు పక్కన, దిండుని ఆనుకుని, ‘పగిలిన గంట’ ట్రోఫీ వెలిగింది. కష్టం స్థాయిలో మాత్రమే వచ్చే ట్రోఫీ. క్లబ్బులో మొదటిది.

గ్రూపు హోరెత్తిపోయింది. ‘అత్తగారి మచ్చ అల్లుడు కడిగేశాడు!’ అని రాశాడు రోలండ్. ఎమెట్ రెండుసార్లు నిజం రాయబోయి, రెండుసార్లూ చెరిపేశాడు. మూడోసారి ‘ఏదో, అలా కుదిరింది’ అని పంపాడు.

చర్చి హాల్లో పొడుగుబల్ల నిండా హాట్‌డిష్‌లు, నిమ్మకాయ బార్లనే తీపి ముక్కలు, కాఫీ పీపా. ముందు వరసలో వెర్నా, ఒళ్ళో అప్పటికే మూడు జతల చేతి తొడుగులు. పక్కన కారిన్, భర్తవంక చూడకుండా. మైలీ వాంగ్ నలభై ఏళ్ళ చిన్నపాటి మనిషి. నోటుబుక్కు తెరిచి ఒక మూల కూర్చుంది. ఎమెట్ ‘కష్టమే మర్యాద’ అన్న తన ఉపన్యాసం కాగితాలు తీసేలోగానే రోలండ్ లేచాడు.

"ఉపన్యాసాలు ఎప్పుడూ వినేవే. మా అధ్యక్షుడు గంటలవాణ్ణి ఎలా కొట్టాడో వాంగ్ గారికి చూపిస్తే బావుంటుంది కదా. ఏమంటారు?"

నలభై మంది చప్పట్లు కొట్టారు. గోడంత తెర మీద గంటలవాడు నిలబడ్డాడు.

ఎమెట్ మొదటిసారి చచ్చాక కంట్రోలర్ కొత్తదన్నాడు. రెండోసారి తెర దూరమన్నాడు. మూడోసారి ఇస్త్రీ చొక్కా చేతులు పైకి మడుచుకున్నాడు. నాలుగోసారి చావబోతుండగా ముందు వరసలోంచి, బస్సులో చివరి సీటు దాకా వినపడే గొంతు వచ్చింది.

"ఎడమ భుజం, ఎమెట్! ఎడమ భుజం చూడు!"

హాలంతా వెర్నా వైపు తిరిగింది. మైలీ వాంగ్ నోటుబుక్కు కింద పడేసుకుంది.

"అమ్మా, ఆ మాట మీకెవరు చెప్పారు?"

"ఆ మేకల పిల్ల చెప్పింది కదమ్మా. కుంటి మేక ఉన్న పిల్ల."

"మీరు... పూర్తిగా విన్నారా?"

"వినక? ఇంటి కప్పు కారుతోందని చెబుతోంది. మధ్యలో లేచిపోతామా?"

మైలీ కళ్ళు చెమర్చాయి. ఆ పిల్ల మాటలు తను మూడేళ్ళు కూర్చుని రాసుకుంది.

ఎవరి లెక్కలు వాళ్ళకుంటాయి. రోలండ్ ఆలోచిస్తున్నది మేకల గురించి కాదు. ఒక చేతిలో నిమ్మకాయ బార్ల ప్లేటు పట్టుకుని వచ్చి, వెర్నాకి ఒకటి అందించి, ఎంతో మర్యాదగా అడిగాడు.

"అయితే పొద్దున ఆడింది మీరేనన్నమాట."

"నేనే ఆడాను."

ఎమెట్ ఊపిరి పీల్చుకున్నాడు.

"గంటలవాడి చేతిలో యాభైసార్లు చచ్చారు, పాపం ఆ వేళ్ళతో."

"యాభైసార్లేంటి నాయనా?" అంది వెర్నా బారు కొరుకుతూ. "ఆరు. ఏడోసారికి వాడు పోయాడు. నా వేళ్ళకేం, గుండ్రాళ్ళలా ఉన్నాయి. ఈ తొడుగులు తీసుకెళ్ళండి, ఎవరికైనా పనికొస్తాయి."

ఎమెట్ కంట్రోలర్ బల్ల మీద పెట్టాడు. చెవులు ఎలా ఉన్నాయో అతనికి చూసుకోనక్కర్లేదు.

"గంట ఆవిడది," అన్నాడు. "దిండు నాది."

రోలండ్ కోటు జేబులోంచి నియమాల కాగితం తీశాడు. ముందే తెచ్చుకున్నాడు. "నాకు చాలా బాధగా ఉంది ఎమెట్. నిజంగా. ముందు ఒక బారు తీసుకో. నియమం ఒకటి ప్రకారం..."

"ఒక్క నిమిషం," అంది మైలీ. ఆవిడ ఎమెట్ వైపు జాలిగా చూస్తోంది. "ఇంత అవస్థ ఎందుకు పడ్డారండీ? దిండు బొమ్మ దాచేసుకోవచ్చు కదా."

"దాచడానికి లేదు. నేనే వద్దని రాశాను."

"మీ ఉత్తరం ప్రకారమే చేశాం. తరవాత మాకే మరీ కటువనిపించి, దాచుకునే వీలు పెట్టాం. సహాయం పేజీలో మొదటి వరసే అది."

"సహాయం పేజీ నేను తెరవను."

"తెలుసు. అదీ రాశారు." మైలీ కింద పడ్డ నోటుబుక్కు తీసుకుని పేజీ తిప్పింది. "వచ్చేముందు మీ క్లబ్బు లెక్క చూశాను, ఎవరెవరన్నది కాదు, మొత్తం ఎందరన్నదే. నలభై మూడు మందిలో నలభై ఒకరు దిండు తీసుకున్నారు. అందులో నలభై మంది దాచుకున్నారు. మా ఆటని ఇంత ప్రేమగా దాచుకుని ఆడేవాళ్ళు ఇంకే ఊళ్ళోనూ లేరు."

ఎవరూ ఎవరివంకా చూడలేదు. ఒకాయన బూటు తాడు విప్పి మళ్ళీ కట్టుకున్నాడు. రోలండ్ నియమాల కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, ఇంకో రెండు పెట్టడానికి చోటుందేమోనని చూశాడు.

"మిగతా ఇద్దరూ?" అన్నాడు ఎమెట్, పీలగా.

"వాళ్ళింకా ఆట మొదలుపెట్టలేదు."

వెనక వరసలో ఇద్దరు సిగ్గుతో తలలు దించుకున్నారు. మొదటి నియమం అమలైతే క్లబ్బు వాళ్ళిద్దరి చేతికి పోతుందని రోలండ్‌కి లెక్క తట్టింది. కాగితం జేబులో పెట్టేసి, ఎమెట్ కోసం తెచ్చిన బారు తనే తినేశాడు.

ఉద్యోగం ఎవరికన్న సంగతి మైలీ ఎక్కువసేపు నానబెట్టలేదు. వెళ్ళి వెర్నా పక్కన కూర్చుంది. వెర్నా తనకి ఉద్యోగాలు వద్దని ఖండితంగా చెప్పి, బుధవారం, శుక్రవారం మాత్రం ఖాళీ అంది. గుమ్మం దగ్గరి మెట్లు మరీ జారుడుగా ఉన్నాయనీ, కుంటి మేకకి ఎవరైనా కట్టు కట్టాలనీ అప్పుడే రెండు సలహాలిచ్చింది. మైలీ రెండూ రాసుకుంది.

తిరిగొచ్చేటప్పుడు కారు నడిపింది కారిన్. ఎమెట్ వైపు తల తిప్పకుండా రోడ్డు మీదే కళ్ళు పెట్టింది.

"అంత కోపమా?" అన్నాడు ఎమెట్ చివరికి.

"కోపమేం లేదు," అంది కారిన్. "కిరాణా కొట్టుకి మాత్రం వచ్చే ఏడాది దాకా నువ్వే వెళ్ళాలి. ప్రార్థన చేసినవాళ్ళందరికీ నువ్వే చెప్పుకో."

"మౌనం గొప్పదంటాడు కదా," అంది వెనక సీట్లోంచి వెర్నా. "అక్కడ నేర్చుకుంటాడు."

సోమవారం పొద్దున ఎమెట్ కోటు జేబులో కాఫీ కప్పు దాచుకుని ఆఫీసుకి వెళ్ళాడు. మూడో కౌంటరు ముందు మొదటివాడు, పాత ట్రక్కు తన పేరుకి మార్పించుకోవడానికి వచ్చిన ముసలాయన. అదే ఫారంతో అది మూడో రాక. కాగితం అద్దం కింద నుంచి తోసి, తిరిగొస్తుందని చెయ్యి అక్కడే ఉంచాడు. ఎమెట్ ఫారం చూశాడు, ముసలాయన్ని చూశాడు. చుట్టూ ఎవరూ వినడం లేదని చూసుకున్నాడు.

"ఎడమవైపు," అన్నాడు గొంతు తగ్గించి. "పదకొండో గడి. అక్కడ సంతకం పెట్టలేదు."

మధ్యాహ్నంలోగా మేనేజరు రెండుసార్లు వచ్చి, ఎమెట్‌కి ఒంట్లో బాగానే ఉందా అని కనుక్కుని వెళ్ళాడు.